ఊరి చివర యూదుల పేట

ఇజ్రాయెల్ ఎక్కడ... గుంటూరు జిల్లా చేబ్రోలు ఎక్కడ! అయినా ఆ రెండింటికీ రక్తసంబంధం ఉందని నమ్మే తెలుగువాళ్లు కొందరున్నారు. శుక్రవారం పొద్దుగూకగానే వాళ్లకు విశ్రాంతి దినం మొదలవుతుంది. ప్రార్థన హీబ్రూలో, కబుర్లు తెలుగులో! వాళ్లే ‘బెనే ఎఫ్రాయిమ్’లు... తెలుగు యూదులు.

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది. ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయం. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన గుడి అది. బ్రహ్మకు గుళ్లే అరుదు కాబట్టి ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి వెళుతుంటారు. 2019లో ఇక్కడే శాతవాహన రాజు విజయుడి కాలంనాటి సంస్కృత శాసనం బయటపడటంతో చేబ్రోలు పేరు మరోసారి మారుమోగింది.

ఇంత చరిత్ర ఉన్న ఊరికి కూతవేటు దూరంలోనే ఇంకో చరిత్ర ఉంది. అది రాతి మీద రాసింది కాదు. కొత్తరెడ్డిపాలెం శివారులో కొన్ని కుటుంబాలవాళ్లు తమ గురించి తాము చెప్పుకునే చరిత్ర. ఇక్కడో చిన్న సినగాగ్ ఉంది. తెలుగు బైబిలు చదివినవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే... సమాజమందిరం. దాని చుట్టూ ఉన్న ఇళ్లలోని కొందరు తాము పుట్టుకతో యూదులమనీ, వేల ఏళ్ల కిందట చెదిరిపోయిన ఇజ్రాయెల్ గోత్రాల్లో తమదీ ఒకటనీ నమ్ముతారు. 2000 దశకం చివర్లో పరిశోధకులు వచ్చి చూసేనాటికి ఇక్కడున్నవి దాదాపు 40 కుటుంబాలు. మచిలీపట్నంలోనూ ఇంకొందరున్నారు.

ఎవరీ ఎఫ్రాయిమ్?

హీబ్రూలో ‘బెనే’ అంటే పిల్లలు, సంతానం. బెనే ఎఫ్రాయిమ్ అంటే ఎఫ్రాయిము సంతతి. బైబిలు ప్రకారం యాకోబుకు పన్నెండుమంది కొడుకులు. వారిలో యోసేపు ఒకడు. ఆ యోసేపు కొడుకే ఎఫ్రాయిము. యాకోబు వంశం నుంచి పుట్టిన గోత్రాల్లో పది ఉత్తరాన ఇజ్రాయెల్ రాజ్యంగా ఉండేవి. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అసిరియా రాజులు ఆ రాజ్యాన్ని జయించి అక్కడి జనాన్ని పట్టుకుపోయారు. ఆ తర్వాత వాళ్ల జాడ లేదు. ‘తప్పిపోయిన పది గోత్రాలు’ అని ప్రపంచమంతా చెప్పుకునే కథ ఇదే.

తప్పిపోయినవాళ్లను వెతకడం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. అఫ్ఘానిస్థాన్ పఠాన్లు వాళ్లేనన్నారు. కాశ్మీరీలన్నారు. ఆఖరికి జపాన్‌దాకా వెళ్లింది ఆ వెతుకులాట! మన ఈశాన్యంలో మిజోరం, మణిపూర్‌లకు చెందిన కొందరు తాము మనష్షే గోత్రంవాళ్లమని చెబుతారు. ఎఫ్రాయిముకు మనష్షే స్వయానా అన్న.

కొత్తరెడ్డిపాలెం పెద్దలు చెప్పే కథ కూడా ఈ వరసలోదే. అసిరియా నుంచి పర్షియా, అక్కడి నుంచి అఫ్ఘానిస్థాన్, కాశ్మీరం, ఉత్తర భారతం... ఇలా తరాల తరబడి నడిచి చివరికి తమ పూర్వికులు తెలుగునేలకు చేరారంటారు. మొదట్లో బాగానే బతికారనీ, కాలక్రమంలో కులవ్యవస్థలో అట్టడుగుకు నెట్టేశారనీ, అసలు పేరు చెప్పుకోలేని పరిస్థితుల్లో ఆచారాలు ఒక్కొక్కటీ మరుగున పడ్డాయనీ వాళ్ల నమ్మకం.

దీనికి ఆధారం ఉందా అంటే... ఈ ప్రయాణాన్ని చెప్పే శాసనం లేదు, తాళపత్రం లేదు, పాత సమాధి రాయి లేదు. చరిత్రకారులు ఈ కథను చరిత్రగా ఒప్పుకోరు. అలాగని యూదులు తెలుగునేల వైపు ఎన్నడూ చూడలేదనుకుంటే అదీ పొరపాటే.

వజ్రాల కోసం వచ్చారు!

తొలకరి చినుకులు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతకడం రాయలసీమలో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు అదే పెద్ద పరిశ్రమ. కర్నూలు ప్రాంతంలో రామళ్లకోట, కడప దగ్గర చెన్నూరు, శ్రీశైలం కొండలు దాటి పల్నాట అడుగుపెట్టిన కృష్ణ ఒడ్డున కొల్లూరు... ‘గోల్కొండ వజ్రాలు’ అని ప్రపంచం పిలుచుకున్నవి ఇలాంటి చోట్ల దొరికినవే. వజ్రాల గనులు అంటే ఒకప్పుడు మన దేశమే.

ఆ వజ్రాలు 17వ శతాబ్దంలో లండన్‌నుంచి కొందరు యూదు వ్యాపారుల్ని మద్రాసుకు రప్పించాయి. పోర్చుగల్, స్పెయిన్‌లలో మతహింస భరించలేక పారిపోయిన కుటుంబాలవాళ్లు వీరు. మధ్యధరా సముద్రంలో దొరికే పగడాలు తెచ్చి ఇక్కడ అమ్మేవారు. ఆ డబ్బుతో వజ్రాలు కొని లండన్ పంపేవారు. చెన్నై జార్జిటౌన్‌లో ఇప్పటికీ ఉన్న పగడాల వర్తకుల వీధి, కోరల్ మర్చంట్ స్ట్రీట్, ఆ వ్యాపారానికి గుర్తు. వారిలో జాక్ డి పైవా అనే వ్యాపారి గనుల దాకా స్వయంగా వెళ్లొచ్చాడు. 1687లో మద్రాసులోనే కన్నుమూశాడు. ఆ మరుసటేడు మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మెన్లలో యూదు వ్యాపారులకూ చోటిచ్చారంటే వారి పలుకుబడి అర్థం చేసుకోవచ్చు.

1720ల చివర్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. మన గనుల వెలుగు తగ్గింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. వాళ్లు వదిలి వెళ్లిన సమాధి రాళ్లు కొన్ని చెన్నైలో ఉన్నాయి. ఇక కొల్లూరు గనుల నేల... పులిచింతల జలాశయం అడుగుకు చేరింది.

కొత్తరెడ్డిపాలెంవాళ్లకూ ఈ వజ్రాల వ్యాపారులకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కంపెనీతో వ్యాపారం చేసినవాళ్ల పేర్లు లెక్కల పుస్తకాల్లోనూ రాళ్ల మీదా నిలిచాయి. ఊరి చివర బతికిన కూలీల తాతముత్తాతల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. రాయనివాళ్ల చరిత్రకు రుజువు ఎక్కణ్నుంచి వస్తుంది?

1991లో సమాజమందిరం

బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలు మాదిగలు. ఆ ముందు తరాలవాళ్లు క్రైస్తవులు. వారిలో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్నదమ్ములు. క్రైస్తవ బోధకుడిగా ఉన్న షమూయేల్ 1980లలో జెరూసలేం వెళ్లొచ్చారు. అక్కడి యూదుల ఆచారాలు చూశాక, తమ ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలకూ వాటికీ పోలిక ఉందన్న నమ్మకం ఆయనలో బలపడింది. అన్నదమ్ములిద్దరూ కలిసి 1991లో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరాన్ని ప్రారంభించారు.

అప్పటినుంచి పేటలో జీవితం మెల్లగా మారింది. ఆదివారం ప్రార్థన శనివారానికి జరిగింది. పిల్లలకు హీబ్రూ పేర్లు, హీబ్రూ అక్షరాలు వచ్చాయి. మగపిల్లలకు సున్నతి, పస్కా, పర్ణశాలల పండగ... ఒక్కోటీ నేర్చుకున్నారు. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందని వాదిస్తూ షమూయేల్ ఇంగ్లిషులో ఓ పుస్తకమే రాశారు. భాషా శాస్త్రవేత్తలు మాత్రం తెలుగు ద్రావిడ భాష అనీ, హీబ్రూ అరబిక్‌తో కలిసి సెమిటిక్ కుటుంబానికి చెందుతుందనీ చెబుతారు.

1990లలో ఇజ్రాయెల్‌నుంచి, అమెరికా నుంచి అతిథులు రావడం మొదలైంది. ప్రపంచంలో మూలమూలలా ఉన్న ఇలాంటి సమూహాలకు చేయూతనిచ్చే ‘కులాను’ అనే అమెరికా సంస్థ వీళ్లతో పరిచయం పెంచుకుంది. హీబ్రూలో కులాను అంటే ‘మనమందరం’. ఆ తర్వాత యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవ శాస్త్రవేత్తలు ఈ పేటను దగ్గరగా అధ్యయనం చేశారు. వాళ్లు రాసిన ‘ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ను 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. వీళ్లు నిజంగా యూదులా కాదా అని తీర్పు చెప్పడం కాదు ఆ పుస్తకం పని. ఆ నమ్మకం ఈ మనుషుల బతుకుల్లో ఏం మార్చిందన్నదే వాళ్లు చూశారు.

మచ్చ అన్నదే ముద్ర అయింది

ఏం మార్చిందో తెలియాలంటే పల్లెటూరి భూగోళం తెలియాలి. ఊరు వేరు, పేట వేరు. ఊరి బావి వేరు, పేట బావి వేరు. తోలు పని, చచ్చిన గొడ్డును ఎత్తడం, డప్పు కొట్టడం మాదిగల వంతు. గొడ్డుమాంసం తింటారనీ, చనిపోయినవారిని పూడ్చిపెడతారనీ ఊరు వాళ్లను తక్కువగా చూసేది.

బెనే ఎఫ్రాయిమ్ పెద్దలు సరిగ్గా ఆ వేలెత్తి చూపిన వాటినే చేతిలోకి తీసుకున్నారు. మేం గొడ్డుమాంసం తినడం, మృతుల్ని ఖననం చేయడం మా యూదు పూర్వికుల నుంచి మిగిలిన ఆచారాలే అన్నారు. పూడ్చిపెట్టే ఆచారం తెలుగునాట ఇంకా ఎన్నో కులాల్లో ఉంది కాబట్టి చరిత్రకారుడికి ఈ వాదన చాలదు. కానీ ఇంట్లో కూర్చుని వినే పిల్లవాడికి? నిన్నటిదాకా సిగ్గుపడాలని చెప్పిన సంగతే ఇవాళ వారసత్వమైంది.

ఇలా సొంత పుట్టుకను చెప్పుకోవడం మాదిగలకు కొత్తేమీ కాదు. డక్కలివాళ్లు పటం చూపిస్తూ చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమి కంటే ముందే పుట్టినవాడు. అంటే అందరికంటే పెద్దవాడు! పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వచ్చారు. ధాత కరవు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన జాన్ క్లౌ దొర హయాంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ, పంచములనే పేరు వద్దు, మేం ఆది ఆంధ్రులమని చాటింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మోగింది. పేరు చివర మాదిగ అని గర్వంగా రాసుకోవడం నేర్పింది.

జాంబవుడి సంతతి, క్రీస్తు బిడ్డలు, ఆది ఆంధ్రులు, దండోరా మాదిగలు... ఈ వరసలోనే ఎఫ్రాయిము సంతతినీ పెట్టి చూడాలి. దారులు వేరు కావచ్చు. ‘మేమెవరం?’ అన్న ప్రశ్నకు ఊరు చెప్పిన జవాబును ఒప్పుకోకపోవడమే అన్నింటిలోనూ ఉన్నది.

శనివారం ఖరీదు

అయితే పేరు మార్చుకున్నంత తేలిక కాదు బతుకు మార్చుకోవడం. యూదు ధర్మంలో శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఏ పనీ చేయకూడదు. నిప్పు రాజేయకూడదు. జీతగాళ్లకైతే ఫర్వాలేదు. కానీ కొత్తరెడ్డిపాలెంలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. నాట్లకో, కోతలకో పిలుపు వస్తే శనివారమని ఆగే పని కాదు. ఆ రోజు వెళ్లకపోతే కూలీ పోతుంది. పదేపదే రాకపోతే మేస్త్రీ మరొకరిని చూసుకుంటాడు. అందుకే శనివారాన్ని నిక్కచ్చిగా పాటించడం అందరివల్లా కాలేదు.

విచిత్రం ఏమిటంటే, మన దేశంలో ఒక యూదు సమూహం గుర్తింపు పొందింది ఈ శనివారం వల్లే. మహారాష్ట్ర కొంకణ తీరంలో గానుగ ఆడి నూనె అమ్ముకునే కొన్ని కుటుంబాలుండేవి. వాళ్లు శనివారం గానుగ ఆపేసేవారు. అందుకని చుట్టుపక్కలవాళ్లు ‘శనివార్ తేలీ’ అనేవారు. వాళ్లే బెనే ఇజ్రాయెల్‌లు. మరచిపోయిన మిగతా ఆచారాలను తర్వాతి తరాలు తిరిగి నేర్చుకున్నాయి. ఇప్పుడు వాళ్లను యూదులు కాదనేవాళ్లు లేరు.

కొచ్చి యూదుల చరిత్ర ఇంకా ఘనం. మట్టంచేరిలోని పరదేశి సినగాగ్‌ను 1568లో కట్టారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక అక్కడి కుటుంబాలు దాదాపుగా వెళ్లిపోయాయి. వాళ్లున్న ‘జ్యూ టౌన్’ వీధి ఇప్పుడు సుగంధ ద్రవ్యాల దుకాణాలతో, పురాతన వస్తువుల అంగళ్లతో పర్యాటకులకు మిగిలింది. అక్కడ యూదుల వీధి ఉంది, యూదులు దాదాపుగా లేరు. కొత్తరెడ్డిపాలెంలో మనుషులున్నారు, గుర్తింపు లేదు.

రెండు తలుపులు

గుర్తింపు ఇవ్వాల్సినవాళ్లు ఇద్దరు. ఒకటి ఇజ్రాయెల్. ఆ దేశం 1950లో చేసిన ‘తిరిగివచ్చే హక్కు’ చట్టం ప్రకారం ప్రపంచంలో ఏ మూల ఉన్న యూదుడైనా అక్కడికి వెళ్లి పౌరుడు కావచ్చు. కానీ యూదుడని తేలాలి. మిజోరం, మణిపూర్‌లలోని మనష్షే సమూహం విషయంలో 2005లో అక్కడి ప్రధాన మతగురువుల్లో ఒకరైన ష్లోమో అమార్ సానుకూలంగా తీర్పిచ్చారు. పద్ధతి ప్రకారం మతస్వీకారం జరిగాక వేలమంది ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డారు. బెనే ఎఫ్రాయిమ్‌లకు మాత్రం అలాంటి తీర్పు రాలేదు. పేదరికం నుంచి బయటపడటానికే యూదులమంటున్నారని అనుమానించేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

రెండోది మన చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీ ఉత్తర్వులో యూదుల ప్రస్తావనే లేదు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులను మైనారిటీలుగా గుర్తించాయి. కానీ దేశం మొత్తమ్మీద జాతీయ మైనారిటీల జాబితాలో వాళ్లు లేరు. ఉన్నదే కొద్దిమంది... 2011 జనాభా లెక్కల ప్రకారం అయిదు వేలలోపే!

అంటే ఇజ్రాయెల్ తలుపు తట్టాలంటే యూదులమని రుజువు చూపాలి. ఎస్సీ కోటాలో చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు చేయాలంటే మతం గడిలో యూదు అని రాయకూడదు. ఒక తలుపు తెరవాలంటే రెండోది మూసుకోవాల్సిన పరిస్థితి. దూరాన ఉన్నవాళ్లకు ఇది వింత కథ. ఆ ఇళ్లలో పదో తరగతి చదివే పిల్లలకు ఇది భవిష్యత్తు.

భయం కూడా వచ్చింది

పేరుతోపాటు ప్రమాదమూ వచ్చింది. 2004లో లష్కరే తోయిబాతో సంబంధాలున్నాయన్న అనుమానంతో జరిగిన అరెస్టుల సందర్భంలో ఈ పేట పేరూ వార్తల్లోకెక్కింది. గుంటూరు జిల్లాలోని ఓ పల్లె మీద అంతర్జాతీయ ఉగ్రవాదుల కన్ను పడిందంటే చాలామంది నమ్మలేకపోయారు. 2008 నవంబరులో ముంబయిలో యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌పై దాడి జరిగాక ఆ భయం ఎంత నిజమో అర్థమైంది. పొరుగువాళ్లు యూదులని ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, యూదులకు వచ్చే ముప్పు మాత్రం ముందే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేలా ఉంది.

ఇన్ని కష్టాలుంటే ఎందుకీ పట్టుదల? డబ్బు కోసమే అయితే మూడు దశాబ్దాలకు పైగా ఆ ఆశ తీరలేదు. ఇజ్రాయెల్ ప్రయాణం కోసమే అయితే విమానం ఇంకా రాలేదు. అయినా 1991లో మొదలైన ప్రార్థన మొదటి తరంతో ముగిసిపోలేదు. చిన్నప్పుడే హీబ్రూ అక్షరాలు దిద్దిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లకు ఈ మతం తండ్రులు వెతికి పట్టుకున్నది కాదు... పుట్టినప్పటి నుంచి ఉన్నది.

అసిరియా నుంచి చేబ్రోలు దాకా ఎవరైనా నడిచి వచ్చారా లేదా అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన ప్రశ్న. కానీ ఊరి చివరనుంచి జెరూసలేం దాకా ఒక దారి వేసుకోవాలని కొత్తరెడ్డిపాలెం మనుషులు ఎందుకనుకున్నారో తెలుసుకోవడానికి శాసనాలు అక్కర్లేదు. ఊరికీ పేటకూ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి దూరం చూస్తే చాలు.